హార్స్ పవర్ కాదు, ఇరుసు బలం చూడండి
గంజుకు సరుకు తోలే బండ్ల వెనుక యాక్సిల్ ఎందుకు విరుగుతుంది? విరగకుండా ఏం చేయాలి?

మలక్‌పేట గంజుకు ఉల్లిగడ్డ, మిర్చి తోలే రైతులకు బండి మీద ఒక నమ్మకం ఉంటుంది. ఇంజను గట్టిదైతే ఎంత బరువైనా లాగుతుందని. బండి కొనేటప్పుడు, కిరాయికి మాట్లాడేటప్పుడు మనం మొదట అడిగేది కూడా అదే: 'ఎన్ని హార్స్ పవర్లు?' అని. ఇంజను లాగుతుంది, నిజమే. కానీ ఆ లాగుడును చక్రం దాకా మోసుకుపోయేది వెనుక యాక్సిల్. మన ఎడ్లబండి భాషలో చెప్పాలంటే ఇరుసు. ఎద్దులు ఎంత బలమైనవైనా ఇరుసు విరిగితే బండి కదలదు. మోటారు బండి సంగతీ అంతే.

అయితే ఎడ్లబండి ఇరుసుకు, మోటారు బండి యాక్సిల్‌కు ఒక పెద్ద తేడా ఉంది. ఎడ్లబండి ఇరుసు బరువు మోస్తుంది, అంతే. చక్రం దాని మీద తిరుగుతుంది. మోటారు బండి యాక్సిల్ షాఫ్టు చక్రాన్ని తానే తిప్పాలి. కొన్ని బండ్లలో తిప్పడంతో పాటు బరువు కూడా మోయాలి. అంటే ఒకే ఇనుప కడ్డీని ఒకవైపు తాడులా మెలిపెడుతున్నారు, మరోవైపు వంచుతున్నారు. ఈ రెండు పనులూ విడివిడిగా అర్థం చేసుకుంటే యాక్సిల్ ఎందుకు విరుగుతుందో తెలిసిపోతుంది.

మెలిపెట్టే బలం ఎంత?

ఒక పికప్ వ్యాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. లెక్క సులువు కోసం గుండు అంకెలు వేసుకుందాం. ఇంజను మెలితిప్పే బలం 20 కిలో మీటర్లు అనుకోండి. అంటే మీటరు పొడవు పానా పట్టి, దాని చివర 20 కిలోల బరువు వేలాడదీసినంత. ఫస్టు గేరులో అది 5 రెట్లు అవుతుంది. హౌసింగ్‌లోని క్రౌన్, పీనియన్ దాన్ని ఇంకో 4 రెట్లు చేస్తాయి. మొత్తం 20 రెట్లు. అంటే 400. రెండు చక్రాలకు పంచితే ఒక్కో యాక్సిల్ షాఫ్టు మీద 200. మీటరు పానా చివర రెండు క్వింటాళ్లు వేలాడదీసినంత బలంతో ఆ కడ్డీని మెలిపెడుతున్నామన్న మాట.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఈ బలం అంతా షాఫ్టు మీద పడదు. ఖాళీ బండిలో ఒక్కో వెనుక చక్రం మీద 350 కిలోలు ఉంటాయనుకోండి. పొడి తారురోడ్డు మీద టైరు పట్టు బరువులో సుమారు 7 పాళ్లు, అంటే 245 కిలోలు. చక్రం మధ్య నుంచి నేలకు మూడో వంతు మీటరు దూరం ఉంటే, షాఫ్టు మీద పడేది 80 చిల్లర మాత్రమే. అంతకు మించి ఇంజను తిప్పితే టైరు జారిపోతుంది. టైరు జారడం మన ఇంట్లో ఫ్యూజు పోవడం లాంటిది. అది జారి యాక్సిల్‌ను కాపాడుతుంది.

అదే బండికి సరిపడా లోడు వేస్తే ఒక్కో చక్రం మీద 1000 కిలోలు పడతాయి. పట్టు 700 కిలోలు. షాఫ్టు మీద 230 దాటితేనే టైరు జారుతుంది. ఇంజను నిలకడగా ఇచ్చేది 200 కనుక ఫర్వాలేదు. కంపెనీ వాళ్లు షాఫ్టును ఈ లెక్క చూసుకునే చేస్తారు.

ఇప్పుడు 'బండికేమైతది, ఇంకో పది బస్తాలు ఎక్కియ్యి' అని అదనంగా ఎక్కించామనుకోండి. ఒక్కో చక్రం మీద 1300 కిలోలు పడ్డాయి. టైరు పట్టు 910 కిలోలకు పెరిగింది. ఇక షాఫ్టు మీద 300 పడేదాకా టైరు జారదు. ఇంజను నిలకడగా 200 మించి ఇవ్వదు కదా అంటారేమో. ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలితే, తిరుగుతున్న ఫ్లైవీల్ బరువంతా దెబ్బలా వచ్చి తగులుతుంది. ఆ దెబ్బ మామూలు బలాన్ని మించి పోతుంది. తక్కువ లోడైతే టైరు జారి ఆ దెబ్బను వదిలించుకునేది. ఎక్కువ లోడుతో అది జారదు. దెబ్బ మొత్తం షాఫ్టు తినాల్సిందే.

కాబట్టి యాక్సిల్‌ను విరిచేది ఒక్క హార్స్ పవర్ కాదు. ఫస్టు గేరు, మితిమీరిన బరువు, గట్టి టైరు పట్టు, క్లచ్ దెబ్బ. ఈ నాలుగూ ఒకే క్షణంలో కలిస్తే ప్రమాదం.

పందెం బండ్ల వాళ్లు నేర్పిన పాఠం

అమెరికాలో డ్రాగ్ రేసులని ఉంటాయి. పావు మైలు, అంటే 402 మీటర్ల దూరం ఎవరు ముందు దాటితే వాళ్లు గెలిచినట్టు. మన పికప్ లాంటి ట్రక్కులకు కూడా వెయ్యి హార్స్ పవర్ల దాకా ఇంజన్లు బిగించి ఈ పందేల్లో దింపుతారు. నేలకు అంటుకుపోయే మెత్తటి వెడల్పు టైర్లు వేస్తారు. అక్కడ యాక్సిల్ ఎక్కువగా విరిగేది బండి మంచి వేగంలో ఉన్నప్పుడు కాదు, బయలుదేరే తొలి క్షణంలో. టైరు జారకుండా పట్టుకున్నప్పుడే.

అందుకే వాళ్లు ఇంజను పెంచితే యాక్సిల్ కూడా మారుస్తారు. లావు షాఫ్టు, మేలు రకం ఉక్కు, చివర ఎక్కువ పళ్లు ఉన్నది వేస్తారు. షాఫ్టు లావులో చిన్న తేడా కూడా చాలా తేడా తెస్తుంది. మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి లావు మీద మూడు రెట్ల లెక్కన పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల షాఫ్టు బదులు 33 మిల్లీమీటర్లది వేస్తే లావు పెరిగింది నూటికి 10 పాళ్లే, బలం మాత్రం 33 పాళ్లు పెరుగుతుంది. తిరగేసి చూస్తే, తుప్పు పట్టో, అరిగో కాస్త సన్నబడిన షాఫ్టు బలం కూడా అదే లెక్కన పడిపోతుంది.

ఇంకో సంగతి. పందెం బండ్ల వేగం ఒక హద్దు దాటితే, షాఫ్టు విరిగినా చక్రం ఊడిపోకుండా పట్టే ఏర్పాటు ఉండాలని అక్కడ నియమం పెట్టారు. ఒక్క పందెం కోసం పరుగెత్తే బండికే అంత జాగ్రత్త. మనం పంటనూ మనుషులనూ ఎక్కించుకుని రోజూ తిరిగే బండికి ఎంత ఉండాలి?

మీ బండి యాక్సిల్ ఏ రకం?

యాక్సిళ్లలో ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది ఫుల్ ఫ్లోటింగ్. ఇందులో చక్రం హబ్బు రెండు బేరింగుల మీద హౌసింగ్ గొట్టానికే కూర్చుంటుంది. బరువంతా గొట్టం మోస్తుంది. షాఫ్టు పని తిప్పడమే. ఒకవేళ షాఫ్టు విరిగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. లారీల్లో, డీసీఎంలలో ఈ రకం ఉంటుంది. (డీసీఎం టొయోటా కంపెనీ 1980ల్లో ఈ బండ్లు తెచ్చింది. 1990ల్లో అది దేవూ చేతికి పోయింది. కంపెనీ పోయినా మన దగ్గర ఆ సైజు బండ్లన్నిటికీ డీసీఎం అనే పేరు మిగిలిపోయింది.) గుర్తు పట్టడం సులువు. వెనుక చక్రం నడుమ ముందుకు పొడుచుకు వచ్చిన హబ్బు, దాని చుట్టూ వరుసగా చిన్న బోల్టులు కనిపిస్తాయి.

రెండోది సెమీ ఫ్లోటింగ్. ఇందులో షాఫ్టు చివరనే చక్రం బిగిస్తారు. తిప్పేదీ అదే, బరువు మోసేదీ అదే. చిన్న బండ్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. ఈ షాఫ్టు బేరింగు దగ్గర విరిగితే చక్రం బయటికి వచ్చేయొచ్చు. కాబట్టి చిన్న బండ్లకు ఓవర్‌లోడు మరీ ప్రమాదం.

ట్రాక్టరు వెనుక యాక్సిల్ కూడా రెండు పనులూ చేసేదే. బరువు మోస్తూ తిప్పుతుంది. పైగా దాని మీద చక్రాన్ని లోపలికి, బయటికి జరుపుకునే వీలుంటుంది. చక్రం ఎంత బయటికి జరిపితే వంచే బలం అంత పెరుగుతుంది. బేరింగు నుంచి చక్రం మధ్యకు 20 సెంటీమీటర్లు ఉన్నది 30 అయితే, అదే బరువుకు వంపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. దమ్ముకు టైరు పక్కన ఇనుప చక్రాలు బిగించినప్పుడు జరిగేది ఇదే. అవి బురదలో మునిగి ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. గట్టి నేల మీద, గట్ల మీద ఆ చక్రాలతో నడిపితే బరువంతా బయటి అంచు మీద పడి యాక్సిల్ వంగుతుంది, బేరింగులు పోతాయి. రోడ్డూ పాడవుతుంది. మడి దాటగానే విప్పడం బద్ధకమే. కానీ యాక్సిల్ విప్పించడం అంతకన్నా పెద్ద పని.

ట్రాక్టరు లేస్తే సెకను కూడా ఆగదు

యాక్సిల్ గట్టిగా ఉండి, చక్రం కదలకపోతే ఏమవుతుందో ట్రాక్టరు ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవాలి. 45 హార్స్ పవర్ల ట్రాక్టరు ఇంజను 2000 చుట్లు తిరిగేటప్పుడు దాని మెలి బలం 16 కిలో మీటర్లు. లో ఫస్టు గేరులో అది 150 రెట్లు అనుకున్నా రెండు చక్రాలకు కలిపి 2400. రెండు టన్నుల ట్రాక్టరు ముందు భాగాన్ని నేల నుంచి లేపడానికి అందులో సగానికి కాస్త ఎక్కువ చాలు. మామూలుగా టైరు ముందే జారిపోతుంది కనుక ట్రాక్టరు లేవదు. కానీ చక్రం బురదలో బిగుసుకున్నా, జారకుండా చక్రానికి దుంగ కట్టినా జారే దారి ఉండదు. చక్రం తిరగలేనప్పుడు ట్రాక్టరే యాక్సిల్ చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు లేచి వెనక్కి తలకిందులవుతుంది. లేవడం మొదలయ్యాక డ్రైవరు తేరుకోవడానికి సెకను కూడా ఉండదు.

కాబట్టి దిగబడిన ట్రాక్టరు చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగించవద్దు. రివర్సు గేరులో బయటికి తీయండి, లేదా ఇంకో బండితో లాగించండి. మొద్దులు, బండ్లు లాగేటప్పుడు గొలుసు కింది డ్రాబారుకే తగిలించాలి. యాక్సిల్ కంటే ఎత్తులో, పైలింకు దగ్గర తగిలిస్తే ట్రాక్టరు లేవడం ఇంకా సులువు. స్వీడన్ దేశంలో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు డ్రైవరు మీద ఇనుప రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. పంజాబ్‌లో ట్రాక్టర్లను వెనుక చక్రాల మీద లేపి విన్యాసాలు చేసేవారు. 2023 అక్టోబరులో గురుదాస్‌పూర్ జిల్లాలో అలా చేస్తూ ఒక యువకుడు చనిపోయాక ఆ రాష్ట్ర ప్రభుత్వం వాటిని నిషేధించింది.

ఒక్క రోజులో విరగదు

'నిన్నటిదాకా బాగానే ఉండె, ఇయ్యాల ఖాళీగ పోతుంటే ఇరిగింది' అని చాలామంది అంటారు. అబద్ధం కాదు. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది. యాక్సిల్ కూడా అంతే. ఎప్పుడో ఓవర్‌లోడుతో గుంతలో పడినప్పుడు వెంట్రుక వాసి పగులు మొదలవుతుంది. తర్వాత తిరిగిన ప్రతి చుట్టుకూ కాస్త కాస్త పెరుగుతుంది. మిగిలిన ఇనుము చాలనప్పుడు ఒకరోజు పుటుక్కుమంటుంది. ఆ రోజు బండిలో బరువు లేకపోవచ్చు.

విరిగిన ముక్కను పారేయకండి, చూడండి. విరిగిన చోట నున్నగా, ఆల్చిప్ప మీద గీతల్లా వంపు గీతలు కనిపిస్తే అది చాలాకాలంగా పగులుతూ వచ్చిందని. గీతలు లేకుండా మొత్తం గరుకుగా ఉంటే ఒక్క దెబ్బకే విరిగిందని. చివరి పళ్లు తాడులా మెలి తిరిగి ఉంటే మెలి బలం మితిమీరిందని. కారణం తెలిస్తే కొత్త షాఫ్టుకు అదే గతి పట్టకుండా చూసుకోవచ్చు.

బేరింగుల లెక్క ఇంకా కఠినం. నూటికి 25 పాళ్లు ఎక్కువ బరువు మోపితే బేరింగు ఆయుష్షు సగానికి పడిపోతుంది. రోడ్డు సంగతీ చూడండి. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో లారీలు నడిపి పెద్ద ఎత్తున పరీక్షలు చేశారు. ఇరుసు బరువు నూటికి 20 పాళ్లు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారు రెట్టింపు అవుతుందని వాటిలో తేలింది. ఆ గుంతల్లో పడేది మళ్లీ మన బండ్లే.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2018 జులైలో ఇరుసు బరువు హద్దులను పెంచింది. నాలుగు టైర్లున్న వెనుక ఇరుసుకు 10.2 టన్నులు ఉన్నది 11.5 టన్నులు చేశారు. ఇది పెద్ద లారీల మాట. చిన్న బండికి కంపెనీ రాసిన బరువే హద్దు.

బస్తాల లెక్క వేసుకోండి

బండి ఆర్.సి. లో లాడెన్ వెయిట్, అన్‌లాడెన్ వెయిట్ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది నిండు బరువు, రెండోది ఖాళీ బరువు. తేడాయే మనం వేయదగ్గ లోడు. నిండు బరువు 2900 కిలోలు, ఖాళీ బరువు 1600 అయితే లోడు 1300. యాభై కిలోల ఉల్లిగడ్డ బస్తాలు 26. బండిలో కూర్చునే మనుషులు కూడా ఆ 1300లోనే. అనుమానం ఉంటే బయలుదేరే ముందు ధర్మకాంటా మీద తూకం వేయించండి.

బస్తాలు పేర్చే తీరు కూడా ముఖ్యం. వెనుక డోరు మీదికి, చక్రం వెనక్కి వేలాడేలా పేరిస్తే ముందు భాగం తేలికై వెనుక ఇరుసు మీద అసలు బరువు కన్నా ఎక్కువ పడుతుంది. ముందు, వెనుక చక్రాల మధ్య 3 మీటర్లున్న బండిలో, వెనుక చక్రానికి మీటరు వెనక పెట్టిన 200 కిలోలు ఇరుసు మీద 267 కిలోలుగా పడతాయి. బరువు బస్తాలు క్యాబిన్ వైపు ముందుగా వేయండి.

చాలామంది కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేయించి బండి గట్టిపడిందనుకుంటారు. పట్టీ వేస్తే బండి కిందికి కూర్చోదు, అంతే. షాఫ్టు, బేరింగు, హౌసింగ్ పాతవే. బండి కూర్చోవడం లేదు కదా అని ఇంకా ఎక్కిస్తాం, యాక్సిల్ విరుగుతుంది. పెద్ద టైర్లు వేయించడం కూడా ఇలాంటిదే. టైరు పెద్దదైతే షాఫ్టు మీద మెలి బలం పెరుగుతుంది.

చిన్న రైతుకు సొంత బండి ఉండదు, కిరాయి బండే. బస్తాకింత అని కిరాయి మాట్లాడితే డ్రైవరు ఎక్కువ బస్తాలకే చూస్తాడు. ట్రిప్పుకింత అని మాట్లాడుకోండి. మిగిలిన బస్తాలను ఊళ్లో ఇంకో ఇద్దరు రైతులతో కలిసి రెండో బండిలో వేయండి. దారిలో బండి ఆగిపోతే మళ్లీ కిరాయి, మళ్లీ హమాలీ, పైగా వేలం దాటిపోతుంది. పది బస్తాల కిరాయి మిగుల్చుకోబోయి యాభై బస్తాల ధర పోగొట్టుకోవడం దండగ.

దారిలో, ఇంటి దగ్గర

సాగర్ రోడ్డు నుంచో, విజయవాడ రోడ్డు నుంచో వచ్చే బండ్లు ఎల్బీనగర్ చేరాక అసలు పరీక్ష మొదలు. కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ మీదుగా మలక్‌పేట దాకా ఆగుతూ కదులుతూ పోవాలి. ఆగిన ప్రతిసారీ ఫస్టు గేరులో బయలుదేరాలి. అంటే ప్రతిసారీ షాఫ్టుకు ఒక మెలిక. క్లచ్ నిదానంగా వదలండి, చక్రం కదిలాకే రేజ్ ఇవ్వండి. వానాకాలం మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలుస్తాయి. అలాంటి నీళ్లలో దిగిన బండికి హౌసింగ్ ఆయిల్ చూపించండి. పాలు కలిసిన టీలా ఉంటే నీళ్లు చేరాయని. వెంటనే మార్పించాలి.

ఈ గుర్తులు కనిపిస్తే మెకానిక్‌కు చూపించండి:

● క్లచ్ వదలగానే వెనుక 'టక్' మని చప్పుడు రావడం.
● చక్రం లోపలి వైపు ఆయిల్ కారడం, బ్రేకు తడవడం. ఆయిల్ సీల్ పోయిందన్న మాట. హౌసింగ్ మీది చిన్న గాలి బిరడా మట్టితో మూసుకున్నా ఆయిల్ ఇలాగే తన్నుకొస్తుంది. ముందు దాన్ని శుభ్రం చేయండి.
● ఒక హబ్బు రెండోదాని కన్నా బాగా వేడెక్కడం, గుయ్‌మని శబ్దం రావడం.
● జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆడటం.
● టైరు ఒకవైపే అరగడం, చక్రం వాలినట్టు కనిపించడం.

విరిగిన షాఫ్టును వెల్డింగ్ చేయించవద్దు. గట్టిపరచిన ఉక్కు వెల్డింగ్ వేడికి గుణం మారి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. లేతు మీద మామూలు ఇనుముతో తీయించిన షాఫ్టు చూడటానికి ఒకేలా ఉంటుంది, బలం ఉండదు. కంపెనీ సరుకు బిల్లుతో కొనండి. బేరింగు, ఆయిల్ సీల్ కూడా అప్పుడే మార్పించండి.

దారిలో యాక్సిల్ విరిగితే ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇది మరవద్దు. ఒక పక్క షాఫ్టు విరిగాక గేరులో పెట్టినా బండి ఆగదు, వాలులో జారిపోతుంది. బండి కిందికి దూరవద్దు. సరుకు దించేదాకా జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఆఖరి మాట. ట్రాలీ సరుకు కోసమే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ ఇరుసు విరిగిందని కాదు. బండికి ఏమైనా అయితే ట్రాలీలో ఉన్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదని. బస్తాలు పడితే ఎత్తుకోవచ్చు. బస్తాల మీద మనుషులను ఎక్కించవద్దు.